అరవై మూడో ఫుట్‌నోట్

సంచికకు కవితో, హాస్టల్ జ్ఞాపకమో రాయమని అడిగారు. కవిత నాకు రాదు. జ్ఞాపకాలంటే మీవీ నావీ ఒకటే కదా. ఆదివారం కోడిగుడ్డు ఎవరికి చిన్నది వచ్చిందన్న గొడవతో మొదలై టెన్త్ హాల్ టికెట్ దగ్గర ఆగుతాయి. అందుకని ఈ ఏడాది పొడుగునా నన్ను సరిగ్గా నిద్రపోనివ్వని సంగతి ఒకటి రాస్తున్నాను. అది ఫుట్‌నోట్ల సంగతి. లా చదివేవాళ్ళు తమ రాతకు ఆధారంగా ఒక జర్నల్ వ్యాసాన్ని చూపాలంటే ఎలా చూపాలి, అసలు ఎందుకు చూపాలి అన్నది. పేరు వినగానే పేజీ తిప్పేయకండి చెల్లెళ్లూ. డిగ్రీ దాటి పైకి వెళ్ళే ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రూపంలో ఇది ఎదురవుతుంది.

నేను ఇప్పుడు ఎల్‌ఎల్‌ఎం చివరి సంవత్సరం. మా ఇంట్లో డిగ్రీ చదివినది నేనే మొదలు. గుమ్మగట్ట మండలంలో ఒక పల్లె మాది. బోర్లు ఎండి, శెనక్కాయ పంట వరుసగా పోయినాక అమ్మా నాయనా రాయదుర్గం వచ్చేసినారు. నాయన హమాలీ. అమ్మ జీన్స్ ప్యాంట్లు కుడుతుంది, పీసు లెక్కన కూలి. నేను డిసర్టేషన్ రాస్తున్నానంటే అదేమిటో ఇంట్లో చెప్పడానికి చాలా రోజులు పట్టింది. సంక్రాంతి సెలవుల్లో ప్రింటు తీసిన కాగితాలు మంచం మీద పరుచుకొని దిద్దుకుంటుంటే అమ్మ తొంగి చూసింది.

"పైన ఇంతింత లావు అచ్చరాలు రాసి, కింద మళ్ళా చీమల మాదిరి ఇవేందే పాపా?"

పైన రాసిన మాట ఎవరిదో కింద చెప్పాలమ్మా అన్నాను. ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పడానికి నాకు లేబులే దొరికింది. ప్యాంటు నడుము పట్టీ లోపల లేబుల్ పెట్టి కుట్టేది అమ్మ చెయ్యే. ఆ లేబుల్ మీద ఉండే పేరు అమ్మది కాదు, రాయదుర్గం పేరు అంతకన్నా కాదు. "ఎవరు కుట్టిన గుడ్డకు వాళ్ళ పేరే లేబులు వెయ్యాల. మా చదువులో అది రూలు" అన్నాను. అమ్మ నవ్వింది. "మంచి రూలే. మా సావుకారికి ఒకతూరి సెప్పు" అనింది.

మూలన కూర్చున్న మా అవ్వ మాత్రం ఇంకో మాట అనింది. వాళ్ళ కాలంలో ఊరి కట్ట మీద పంచాయితీ జరిగితే సాక్షిని మొదట అడిగేది ఒకటేనంట. "నువ్వు సూసినావా, ఇన్నావా? ఇన్నింటే ఎవురి నోట ఇన్నావు?" ఐదేళ్ళ లా చదువులో సాక్ష్య చట్టం గురించి నేను విన్న పాఠాలన్నిట్లోకీ ఇంత పొట్టిగా చెప్పినవాళ్ళు లేరు.

ఇక అసలు విషయానికి వస్తాను. కోర్టు తీర్పుకు ఒక చిరునామా ఉంటుంది. మన హాస్టళ్ళలో అందరూ పేరు విన్న కేసునే తీసుకుందాం. ఇ.వి. చిన్నయ్య వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. దీని చిరునామా (2005) 1 ఎస్‌సీసీ 394. అంటే 'సుప్రీంకోర్టు కేసెస్' అనే రిపోర్టులో 2005 సంవత్సరపు మొదటి సంపుటం, 394వ పేజీ. తీర్పు చెప్పింది మాత్రం 2004 నవంబరు 5న. తీర్పు తేదీ వేరు, అది అచ్చయిన సంపుటం ఏడాది వేరు. ఈ తేడా తెలియకుండా 2004 సంపుటాలన్నీ తిరగేస్తే సాయంత్రం దాకా దుమ్ము తప్ప ఏమీ దొరకదు.

జర్నల్ వ్యాసానికి కూడా ఇలాంటి చిరునామానే. రచయిత పేరు, వ్యాసం పేరు, సంపుటం, సంచిక, జర్నల్ పేరు, ఏడాది, వ్యాసం మొదలయ్యే పేజీ. అంతటితో అయిపోదు. మనం వాడుకున్న మాట ఏ పేజీలో ఉందో అదీ వేయాలి. ముప్పై పేజీల వ్యాసానికి మొదటి పేజీ మాత్రం చెప్పి వదిలేస్తే, "ఆయన రాయదుర్గంలోనే ఉంటాడు, పోయి వెతుక్కో" అన్నట్టే. వీధి పేరు, ఇంటి నంబరు చెప్పినప్పుడే చదివేవాళ్ళు పోయి తలుపు తట్టగలరు. తట్టి, "నిజంగానే మీరు ఇట్లా అన్నారా?" అని అడగగలరు. సైటేషన్ అంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే.

ఈ చిరునామా రాసే పద్ధతులు మాత్రం ఒకటి కాదు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పద్ధతి ఓస్కోలా. అందులో ఏడాది ముందు వస్తుంది. సంపుటానికి వేరే నంబరు ఉంటే ఏడాదికి గుండ్రటి బ్రాకెట్, ఏడాదే సంపుటాన్ని గుర్తుపట్టే ఆనవాలు అయితే చదరపు బ్రాకెట్. రచయిత ఇనిషియల్ పక్కన చుక్క కూడా పెట్టనివ్వరు. మన ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ పద్ధతిలో ఏడాది చివరికి పోతుంది. అమెరికాలో 1926లో మొదలైన బ్లూబుక్ జర్నళ్ళ పేర్లను కుదించి రాయమంటుంది, ఏ పేరును ఎంత కుదించాలో దానికీ జాబితాలున్నాయి. ఇవన్నీ చూసి మొదట్లో నాకు కోపం వచ్చింది. చుక్కలకూ బ్రాకెట్లకూ ఇంత రాద్ధాంతమా అని. ఇప్పటికీ కొంత కోపం ఉంది. మీ యూనివర్సిటీ ఏ పద్ధతి అంటే అది పట్టుకోండి, రెండు కలపకండి, చాలు. చుక్క తప్పితే ఎవరూ మునిగిపోరు. పేజీ తప్పితే మునుగుతారు.

ఒక చిన్న జాగ్రత్త. ఒకసారి పూర్తిగా రాసిన వ్యాసాన్ని మళ్ళీ ప్రస్తావించేటప్పుడు 'సుప్రా, నోట్ 12' అని పొట్టిగా రాస్తారు, పైన 12వ నోటులో చూడండి అని. మధ్యలో ఒక కొత్త ఫుట్‌నోట్ చేరితే ఆ పన్నెండు పదమూడవుతుంది, కింద రాసినవన్నీ పక్కింటి తలుపు తడతాయి. కంప్యూటర్లో క్రాస్ రిఫరెన్స్ అని ఒక సౌకర్యం ఉంది, మొదటి రోజే నేర్చుకోండి.

ఊరి పేర్లతో కూడా చిక్కుంది. మన రాయదుర్గం 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేసిన చట్టంలో ఆలూరు, ఆదోనితో పాటు మన తాలూకా పేరు ఇంగ్లీషులో 'రాయద్రుగ్' అని ఉంటుంది. పాత కాగితాల్లో మన ఊరిని వెతకాలంటే ఇప్పటి స్పెల్లింగుతో వెతికితే చాలదు. దొరికినాక దాన్ని మనకు నచ్చినట్టు దిద్దకూడదు కూడా. మూలంలో ఎట్లా ఉంటే అట్లాగే వేయాలి.

నా డిసర్టేషన్ విషయం ఎస్సీల ఉపవర్గీకరణ. ఈ మాట రాయగానే కొందరి ముఖాలు ఎట్లా మారతాయో నాకు తెలుసు. నాది ఏ గ్రూపో కూడా మీకు తెలుసు, హాస్టల్లో దాచేదేముంది. కథ మీకు తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 2000 సంవత్సరంలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎస్సీ రిజర్వేషన్లను ఎ, బి, సి, డి అని నాలుగు గ్రూపులుగా పంచుతూ చట్టం చేసింది. చిన్నయ్య కేసులో ఐదుగురు న్యాయమూర్తులు దాన్ని కొట్టేశారు. రాజ్యాంగం 341వ అధికరణం కింద జాబితాలో చేరిన కులాలన్నీ ఒకే వర్గం, దాన్ని రాష్ట్రం విడగొట్టకూడదు అన్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పంజాబ్ ప్రభుత్వం వర్సెస్ దవీందర్ సింగ్ కేసులో ఆరుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా చిన్నయ్య తీర్పును తోసిపుచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ మూడు గ్రూపుల వర్గీకరణ తెచ్చాయి.

దీని మీద మన మధ్య జరిగే వాదన ఎట్లా ఉంటుందో నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. "మీవాళ్ళే అంతా తిన్నారు." "మిమ్మల్ని చదవొద్దని ఎవరన్నారు?" రెండు పక్కలా ఎవరు చెప్పారో, ఎక్కడ చెప్పారో ఉండదు. గొంతు పెద్దదయ్యేకొద్దీ ఆధారం చిన్నదవుతుంది. లా చదవడానికి పోయినాక ఈ విషయం మీద మొట్టమొదట నాకు చేతికందిన మంచి జర్నల్ వ్యాసాలు కె. బాలగోపాల్ గారివి.

బాలగోపాల్ గారు 1952లో బళ్ళారిలో పుట్టినవారు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పి, హక్కుల ఉద్యమంలో పనిచేసి, తర్వాత లాయరై హైకోర్టులో పేదల కేసులు వాదించారు. 2009 అక్టోబరు 8న పోయారు. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఈ విషయం మీద ఆయన రెండు వ్యాసాలున్నాయి. మొదటిది 2000 మార్చిలో వచ్చింది, సంపుటం 35, సంచిక 13, 1075వ పేజీ నుంచి. పేరు 'ఎ టాంగిల్డ్ వెబ్', చిక్కుపడ్డ గూడు అని చెప్పుకోవచ్చు. రెండోది చిన్నయ్య తీర్పు తర్వాత, 2005 జూలైలో, 40వ సంపుటంలో వచ్చింది. వర్గీకరణ డిమాండులో న్యాయం ఉందని ఆయన అభిప్రాయం. కానీ నన్ను పట్టుకున్నది ఆ అభిప్రాయం కాదు, ఎదుటివాళ్ళ వాదాన్ని ముందు పూర్తిగా చెప్పి, దాంట్లో బలం ఉన్నచోట ఉందని ఒప్పుకొని, తర్వాత జవాబివ్వడం. నేను అదివరకు ఈ విషయం మీద అట్లా మాట్లాడిన మనిషిని మా వీధిలో గానీ, ఏ మీటింగులో గానీ చూడలేదు.

అందువల్ల ఒక నియమం పెట్టుకున్నాను. నేను ఒప్పుకోని వ్యాసాన్ని కూడా దాని గట్టి వాక్యం ఉన్న పేజీ నంబరుతో చూపించాలి. బలహీనమైన వాక్యం ఏరుకొని దాన్ని కొట్టిపారేయడం తేలిక, మా హాస్టల్ గదిలో మేమంతా చేసింది అదే. ఫుట్‌నోట్ వేస్తే ఆ ఆట సాగదు. చదివేవాళ్ళు ఆ పేజీ తెరిచి, కింది పేరాలో ఉన్న గట్టి మాటను ఎందుకు దాచావని అడుగుతారు. దవీందర్ సింగ్ తీర్పు మీద రాసేటప్పుడు న్యాయమూర్తి బేలా త్రివేది గారి భిన్నాభిప్రాయాన్ని రెండుసార్లు ఎక్కువ చదివాను. నా పక్కన నిలబడని మాటలకు నేను ఎక్కువ బాకీ ఉన్నట్టు అనిపిస్తుంది.

జర్నల్ వ్యాసం ఎవరు చదువుతారు, లైబ్రరీలో బూజు పడుతుంది గదా అని మీరు అనుకోవచ్చు. ఒక చిరునామా చెబుతాను, రాసి పెట్టుకోండి. (1979) 4 ఎస్‌సీసీ (జర్నల్) 17. ఎస్‌సీసీ సంపుటాల్లో తీర్పులతో పాటు వ్యాసాల విభాగం వేరే ఉంటుంది, దాని పేజీల లెక్క కూడా వేరు. అందుకే మధ్యలో ఆ 'జర్నల్' అనే మాట. అది మరిచిపోతే 17వ పేజీలో ఇంకేదో తీర్పు కనిపిస్తుంది. ఆ పేజీలో ఉన్నది ఒక బహిరంగ లేఖ. మహారాష్ట్రలో మథుర కేసుగా పేరుపడ్డ కేసులో, పోలీసు స్టేషన్‌లోనే ఒక ఆదివాసీ బాలికపై అత్యాచారం చేసిన కేసులో, సుప్రీంకోర్టు 1978లో ఇద్దరు పోలీసులను విడిచిపెట్టింది. ఆమె గట్టిగా ఎదిరించినట్టు ఆనవాళ్ళు లేవని. ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధాగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979 సెప్టెంబరులో ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అన్నది వాళ్ళ వాదం. దేశమంతా మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగిన అత్యాచారం కేసుల్లో, సంభోగం జరిగినట్టు రుజువై, తాను ఒప్పుకోలేదని బాధితురాలు కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలని సాక్ష్య చట్టంలో కొత్త సెక్షన్ చేరింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ అది ఉంది. ఇది ఫుట్‌నోట్ గొప్పతనం అని చెప్పను, వీధుల్లోకి వచ్చిన ఆడవాళ్ళ గొప్పతనం. కాకపోతే ఈరోజు పోయి ఆ లేఖ తెరిచి చదవగలిగేది ఆ పేజీ నంబరు ఉండబట్టే.

ఇంకొకటి. జర్మనీ నుంచి వచ్చిన డీటర్ కాన్రాడ్ అనే ఆచార్యుడు 1965లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసం ఇచ్చారు. రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి లోపలే కొన్ని హద్దులుంటాయని దాని సారం. ఆ ఆలోచన లాయరు ఎం.కె. నంబియార్ ద్వారా గోలక్‌నాథ్ కేసులో కోర్టు ముందుకు వచ్చింది. 1967లో ఆ తీర్పు ఇచ్చిన ధర్మాసనానికి పెద్ద మన రాజమండ్రి కోకా సుబ్బారావు గారే. కాన్రాడ్ తర్వాత వ్యాసంగా కూడా రాశారు. 1973లో కేశవానంద భారతి కేసులో న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నా ఆ వ్యాసాన్ని పేరుపెట్టి ఉటంకించారు. ఉపన్యాసం విన్న పిల్లలు ఎందరో, వాళ్ళకు ఎంత గుర్తుందో. అచ్చయిన వ్యాసం మాత్రం పేజీ నంబరుతో జడ్జి గారి బల్ల మీదికి పోయింది. రాజ్యాంగ మౌలిక స్వరూపం అని మీరు సివిక్స్‌లో చదివేది ఆ తీర్పులోదే.

ఇప్పుడు మీకు పనికొచ్చే నాలుగు మాటలు. తీర్పుల కోసం డబ్బు కట్టనక్కర లేదు. ఇండియన్ కానూన్ 2008 నుంచి ఉచితంగా ఉంది, సుప్రీంకోర్టు వాళ్ళ ఈ-ఎస్‌సీఆర్ 2023లో వచ్చింది. జర్నళ్ళే కష్టం. ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదివేవాళ్ళకు 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద వేల జర్నళ్ళు అందుతున్నాయి, మీ లైబ్రేరియన్‌ను అడగండి. అడగడానికి సిగ్గుపడొద్దు. నేను మొదటి ఏడాది లైబ్రరీ కౌంటరు దగ్గర నా ఇంగ్లీషు గురించే భయపడుతూ నిలబడేదాన్ని, ఆయన తెలుగులోనే మాట్లాడేవాడు.

ఈ రోజుల్లో ఫోన్లో ఏఐని అడిగితే క్షణంలో పది వ్యాసాల పేర్లు ఇస్తుంది. రచయిత పేరు, సంపుటం, పేజీ, అన్నీ ముచ్చటగా ఉంటాయి. వాటిలో కొన్ని లోకంలో లేనివి. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఇద్దరు లాయర్లు అట్లా వచ్చిన లేని కేసులను కోర్టుకు చూపించి ఐదువేల డాలర్ల జరిమానా కట్టారు. మా అవ్వ అడిగే ప్రశ్న ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. సూసినావా, ఇన్నావా? పేజీ తెరిచి కంటితో చూడనిదాన్ని ఫుట్‌నోట్‌లో వేయకండి. ఒకరి వ్యాసంలో ఇంకొకరి మాట కనబడితే, మూలం దొరకనప్పుడు, ఫలానావారి వ్యాసంలో ఉటంకించారు అని ఉన్నదున్నట్టు రాయండి. ఇక ఎత్తిరాయడం గురించి యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. పోలిక పది శాతం దాటితే మొదలు, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. గైడ్లు, బిట్ బ్యాంకులు చదివి పెరిగినవాళ్ళం మనం. ఎవరు రాసినారో తెలియని పుస్తకాలవి. అందులోని వాక్యం అందరి సొత్తు అన్నట్టే మనకు అలవాటైంది. పెద్ద చదువులకు పోయేటప్పుడు ఆ అలవాటును ఇంట్లో విడిచి వెళ్ళాలి.

ఇక అరవై మూడో ఫుట్‌నోట్.

పోయిన ఏడాది మన హాస్టల్‌కు వచ్చినప్పుడు స్టోర్ రూములో పాత ట్రంకు పెట్టెలో 2005 వార్షికోత్సవ సంచిక ఒకటి దొరికింది. అట్ట చిరిగింది, లోపల పురుగులు తిన్నాయి. అందులో ఒక అక్క రాసిన వ్యాసం ఉంది. పేరు లేదు, చివర రెండు పొడి అక్షరాలు ఉన్నాయి. చిన్నయ్య తీర్పు వార్త పేపర్లో వచ్చిన రోజు హాస్టల్లో ఏం జరిగిందో ఆమె రాసింది. ఆ రోజు పెద్ద గొడవేమీ కాలేదంట. ఎవరూ కొట్టుకోలేదు. రాత్రికి పెద్ద గదిలో ట్రంకు పెట్టెలు చోటు మారాయి. అదివరకు కిటికీ పక్కన ఎవరు, తలుపు పక్కన ఎవరు అని కలిసి ఉండేవి, ఆ రాత్రి ఎవరి గ్రూపు వాళ్ళ పెట్టెలు ఒక గోడకు చేరాయి. ఏ పెట్టె ఎక్కడికి పోయిందో ఆమె వరసగా రాసింది. పరీక్షల దాకా అవి వెనక్కి రాలేదంట. ఎవరిది న్యాయమో ఒక్క మాట అనలేదు. ఆమెది ఏ గోడో కూడా చెప్పలేదు.

ఎస్సీలంతా ఒకే వర్గం అని ఢిల్లీలో అచ్చయిన తీర్పు రాయదుర్గంలో ఒక గదిని రెండుగా చేసిందని నాకు ఏ జర్నల్ వ్యాసంలోనూ కనిపించలేదు. కాబట్టి మూడో అధ్యాయంలో ఆ వ్యాసాన్ని ప్రస్తావించి కింద ఫుట్‌నోట్ వేశాను. అదే 63. చూసిన పెద్దవారు ఒకరు దాని మీద పెన్సిల్‌తో అడ్డగీత గీశారు. ఇది జర్నల్ కాదు, ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరు లేదు, నిపుణుల పరిశీలన లేదు, రచయిత పేరు లేదు, కనీసం పేజీ నంబరు లేదు, తీసేయమన్నారు.

ఆయన చెప్పినవన్నీ నిజాలే. నేను రెండు రాత్రులు ఆలోచించి మళ్ళీ పోయాను. "సార్, బాలగోపాల్ గారి వ్యాసాన్ని నేను పండితుడి మాటగా చూపిస్తున్నాను. ఈ అక్కను సాక్షిగా చూపిస్తున్నాను. సాక్షికి ఐఎస్‌ఎస్‌ఎన్ అడగరు గదా. ఆ రోజు ఆ గదిలో ఉందా లేదా అనేదే అడుగుతారు" అన్నాను. ఆయన చాలాసేపు కాగితం వైపు చూశారు. "సరే, ఉంచు. కానీ పేజీ నంబరు ఎట్లా ఇస్తావు? వైవాలో బయటి నుంచి వచ్చిన ఆయన ఇదే అడుగుతాడు" అన్నారు. వైవా ఇంకా జరగలేదు. ఉంటుందో తీసేయమంటారో తెలియదు.

పేజీల సంగతికి నేను చేసింది ఇది. ఆ సంచికను అట్ట నుంచి లెక్కపెట్టాను. వార్డెన్ గారి సందేశం, దాతల పేర్లు, గ్రూపు ఫోటో, అన్నీ కలిపి. ఆ వ్యాసం మొదలయ్యేది 21వ కాగితం వెనక. అందుకే నా ఫుట్‌నోట్‌లో రచయిత పేరు ఉన్న చోట ఆ రెండు పొడి అక్షరాలు, తర్వాత వ్యాసం పేరు తెలుగు ఉచ్చారణతో ఇంగ్లీషు లిపిలో, పక్కన చదరపు బ్రాకెట్లో దాని అర్థం, సంచిక పేరు, 2005, 'పేజీ సంఖ్యలు ముద్రించలేదు, అట్ట నుంచి లెక్కించినది' అని ఉంటుంది. దాని జిరాక్స్ ఒకటి డిసర్టేషన్ చివర అనుబంధంగా కుట్టిస్తున్నాను. ఆ అక్క ఇప్పుడు ఎక్కడుందో, నలభై దగ్గర పడుతుంటుంది, ఈ సంచిక ఆమె చేతికి చేరితే ఒక్క ఉత్తరం ముక్క రాయమని నా మనవి. ఆమె ఒప్పుకుంటే పొడి అక్షరాల చోట పూర్తి పేరు వేస్తాను.

సంపాదకవర్గం చెల్లెళ్ళకు ఒక విన్నపం. ఈ సంచికకు పేజీ నంబర్లు వేయండి. ప్రెస్సు వాళ్ళు దానికి వేరే డబ్బు అడగరు, నేను విచారించాను. లోపలి మొదటి పేజీలో హాస్టల్ పూర్తి పేరు, మండలం, జిల్లా, సంవత్సరం ఉండాలి. ప్రతి వ్యాసం కింద రాసినవాళ్ళ పేరు ఇంటిపేరుతో సహా వేయండి, పేరు వద్దన్నవాళ్ళది తప్ప. అట్ట మీద బొమ్మ గీసిన అమ్మాయి పేరు కూడా. నాలుగు కాపీలు ఎక్కువ తీయించి ఒకటి స్టోర్ రూము ట్రంకులో కాకుండా ఆఫీసు బీరువాలో పెట్టించండి, ఒకటి అనంతపురం జిల్లా గ్రంథాలయానికి పంపండి, నేను వచ్చినప్పుడు పట్టుకుపోయి ఇస్తాను. మిగిలిన రెండూ మీ ఇష్టం.